ఎడమవైపు కింది మూల

"ఈ దేశంలో ప్రజలకు నిద్ర పట్టడం లేదు. అందుకే నేను రాజకీయాల్లోకి వస్తున్నాను."

ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు పరుపుల మహారాజుగారు తన షోరూమ్ నడిమధ్యలో, తన కంపెనీ పరుపు మీద, బంగారు రంగు శాటిన్ కోటు వేసుకుని, మోచేయి తలగడకు ఆనించి పడుకుని ఉన్నారు. విలేకరులు చుట్టూ నిలబడి రాసుకున్నారు. అక్కడ కుర్చీలు లేక కాదు. ఉన్నవి కూర్చునే రకం కావు.

"ఎందుకు పట్టడం లేదంటారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"పరుపు బాగాలేక కొంత, ప్రభుత్వం బాగాలేక కొంత. మొదటిదాని సంగతి నేను చూశాను. రెండోదాని సంగతి చూడబోతున్నాను. మీరు హాయిగా నిద్రపోండి. మీ కోసం నేను మేలుకుంటాను."

మర్నాటికల్లా ఆ చివరి రెండు మాటలూ ఊళ్లో ప్రతి గోడకీ ఎక్కాయి. మహాత్ములు నోరు తెరిస్తే గోడలకు సున్నం ఖర్చు తప్పదు.

అంత గొప్ప సమయంలో మహారాజుగారి వెనక గంభీరంగా కనిపించిన శాసనసభ భవనం అట్టతో చేసింది. జిగురు ఇంకా ఆరలేదు. అది ముందుకు పడకుండా వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డవాడు బావమరిది. అతనికీ ఒకప్పుడు పేరుండేది. అక్క మెళ్లో మహారాజుగారు తాళి కట్టిన రోజున అది పోయింది. కూరగాయల మనిషి మొదలుకుని బ్యాంకు మేనేజరు దాకా అందరికీ అతను బావమరిదే. కన్నతల్లి కూడా "బావమరిది అన్నం తిన్నాడా" అని కోడల్ని అడిగేది.

వృత్తి వడ్రంగం. చేయి తిరిగిన పనివాడే, అందులో అబద్ధం లేదు. కానీ షోరూమ్‌లో అతని ఉద్యోగం డమ్మీలు చేయడం. పరుపు అమ్మాలంటే పడకగది చూపించాలి. పడకగది అన్నాక పక్కన బీరువా, ఎదురుగా టీవీ, గోడకు పుస్తకాల అర ఉండాలి. నిజమైనవి పెడితే దుమ్ము, దొంగతనం. అందుకని టీవీ అట్టది, పుస్తకాలు థర్మాకోల్‌వి, బీరువాకు ప్లైవుడ్ ముఖం మాత్రమే. సొరుగులకు పిడులుంటాయి, సొరుగులుండవు. ఒకావిడ పిడి పట్టుకుని లాగితే గోరు విరిగింది. మహారాజుగారు ఆవిడకో తలగడ ఉచితంగా ఇచ్చి పంపి, పిడి పక్కన "విదేశీ సరుకు, తాకరాదు" అని బోర్డు పెట్టించారు. ఆ బోర్డు పెట్టాక అమ్మకాలు పెరిగాయి.

ఈ డమ్మీలన్నింటికీ ఒక కిటుకు ఉంది. చోటు మార్చేటప్పుడు సులువుగా విప్పడానికి బావమరిది ప్రతిదానికీ ఎడమవైపు కింది మూల వదులుగా ఉంచేవాడు. అక్కడ మోకాలితో ఒక్క పోటు పొడిస్తే ముఖం మొత్తం ఊడి చేతికొస్తుంది. ఆ సంగతి బావాబావమరుదులకు తప్ప మూడోవాడికి తెలియదు.

ఇంట్లో అతని భార్య చీరలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.

"ఊరందరికీ బీరువా ముఖాలు చేసిపెడతారు. నాకు ముఖం లేకపోయినా ఫర్వాలేదు, బీరువా చేసిపెట్టండి" అనేది ఆవిడ.

"బావని గెలవనీ. నాకు సొంత వర్క్‌షాపు పెట్టిస్తానన్నాడు. అప్పుడు చూడు, అన్నీ తెరుచుకునేవే చేస్తాను."

"అన్నయ్యగారు అన్నారా? అయితే సరే, ట్రంకుపెట్టెకు కొత్త తాళం కొంటాను."

ఆవిడ వెటకారం ఆవిడది. అతనికి మాత్రం నిజంగానే ఆ కోరిక ఉండేది. చచ్చేలోగా ఒక్కటంటే ఒక్కటి, తెరిస్తే తెరుచుకుని మూస్తే మూసుకునేది చేయాలి. మనబోటివాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఏళ్ల తరబడి ముఖాలు మాత్రమే చేసినవాడి బాధ అతనికే తెలుస్తుంది.

ఎన్నికలొచ్చాయి. ప్రతిపక్ష అభ్యర్థి పాదయాత్ర చేసి అరికాళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. మహారాజుగారు లారీ మీద పరుపు వేయించుకుని, ఊరంతా పడుకుని తిరిగారు. పడుకునే చేయి ఊపారు, పడుకునే ముసలమ్మల్ని పలకరించారు, పడుకునే ఉపన్యసించారు. "నిలబడ్డవాళ్లను చాలామందినే చూశాం బాబూ. పడుకున్నవాణ్ణి ఇదే చూడటం. వీడు కనీసం మోసం చేయడు, లేస్తేగా" అన్నాడో పెద్దాయన. ఓట్లు కుప్పలుగా పడ్డాయి. మహారాజుగారు ప్రజా సౌకర్యాల శాఖ మంత్రి అయ్యారు.

మంత్రిగారి మొదటి సమీక్షా సమావేశంలో సెక్రటరీ ఫైలు తెరిచాడు.

"సార్, తమరు వాగ్దానం చేసిన గ్రంథాలయం, ఫైర్ స్టేషన్, కొత్త జైలు. వీటికి చాలా టైం పడుతుంది సార్. డిజైనుకు ఒక ఏడాది, టెండర్లకు..."

"సెక్రటరీగారూ, మీరు మా షోరూమ్‌కి వచ్చారా?"

"మా ఇంట్లో తమ పరుపే సార్."

"అక్కడ టీవీ చూశారా?"

"చూశాను సార్. పెద్దది."

"అది పని చేస్తుందా?"

సెక్రటరీ ఆలోచించాడు. "నేను అడగలేదు సార్."

"ఎవరూ అడగరు. ప్రజలకు కావలసింది సౌకర్యం ఉందన్న ధీమా. అది ఉంటే నిద్ర పడుతుంది. ఇదే నా విజన్." మంత్రిగారు తలుపు వైపు తిరిగి కేకేశారు. "బావమరిదీ, టేపు పట్టుకురా."

సెక్రటరీ ఫైలు మీద "విజన్ ఆమోదించడమైనది" అని రాసుకున్నాడు. అతనికి పదోన్నతి రావలసి ఉంది.

గ్రంథాలయం చూస్తుండగానే లేచింది. నేల నుంచి కప్పు దాకా థర్మాకోల్ పుస్తకాలు, వెనకభాగాల మీద బంగారు గీతలు. ఎవరైనా పుస్తకం అడిగితే "ఎవరో పట్టుకెళ్లారండీ" అనమని లైబ్రేరియన్‌కు ఆదేశం వెళ్లింది. కానీ ఎవరూ అడగలేదు. ఈ విషయంలో మంత్రిగారిని తప్పుపట్టడం అన్యాయం.

ప్రారంభోత్సవం నాడు చిన్న ఇబ్బంది వచ్చింది. అర్జీలు పట్టుకుని జనం మీదపడ్డారు. నీళ్లు రావడం లేదని ఒకరు, పింఛను ఆగిందని ఒకరు. మంత్రిగారు నవ్వుతూ నవ్వుతూ వెనక్కి జరిగి పుస్తకాల అరకు వీపు ఆనించారు. మోకాలు ఎడమవైపు కింది మూలను వెతికింది. ఒక్క పోటు. అర తెరుచుకుంది, మంత్రిగారు అందులోకి జారుకున్నారు, అర మళ్లీ నిలబడింది. జనం చేతుల్లో అర్జీలు మిగిలాయి. "పుస్తకాల్లో మునిగిపోయిన మంత్రి" అని మర్నాడు పత్రికలు మొదటి పేజీలో రాశాయి.

కారులో మంత్రిగారు బావమరిది భుజం తట్టారు. "నీ మూల బంగారంరా. ఈ ప్రభుత్వం నిలబడింది నీ మూల మీదే."

"వర్క్‌షాపు సంగతి బావా..."

"ఫైరింజన్ అయ్యాక."

ఫైరింజన్ అయింది. ప్లైవుడ్ శరీరం, మీద నిప్పులాంటి ఎర్ర రంగు, పాత లారీ చక్రాలు, మైకులో సైరన్. చూస్తే ముద్దొచ్చేది. ఇంజన్ ఉండాల్సిన చోట బావమరిది తన పనిముట్ల సంచీ పెట్టుకునేవాడు. 

"బావా, నిజంగా ఎక్కడైనా అంటుకుంటే?"

"ఎందుకు అంటుకుంటుంది? ఫైర్ స్టేషన్ ఉందని తెలిస్తే నిప్పుకే భయం ఉంటుంది."

"వర్క్‌షాపు..."

"జైలు అయ్యాక. తలుపులు నువ్వే కొట్టెయ్. జైలు లోపలికి కెమెరా వస్తుందా, ఓటరు వస్తాడా? రంగు దట్టంగా వెయ్, చాలు."

ఆ మాట చెప్పి మంత్రిగారు, ఇతర దేశాల ప్రజలు ఎలా నిద్రపోతున్నారో అధ్యయనం చేయడానికి విదేశాలకు వెళ్లారు. ఇక్కడే ఘోరం జరిగింది. జైలుకని మంజూరైన టేకు దుంగలు మామూలుగా అయితే మంత్రిగారి కొత్త ఇంటికి వెళ్లాలి. మంత్రిగారు ఊళ్లో లేకపోవడంతో లారీ డ్రైవరుకు ఎటు తోలాలో చెప్పేవాళ్లు లేకపోయారు. పాపం, అమాయకుడు, కాగితం మీద ఏ చోటు రాసి ఉందో అక్కడికే తోలుకెళ్లి దించాడు. మంత్రిగారి హయాంలో ప్రభుత్వ సరుకు చేరాల్సిన చోటికి చేరడం అదే మొదలు.

బావమరిది ఆ దుంగల చుట్టూ తిరిగాడు. వాసన చూశాడు. అరచేత్తో నిమిరాడు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. సంచీలోంచి చిత్రిక తీశాడు.

కమ్మరి మేస్త్రిని పిలిపించి ఇనప పట్టీలు కొట్టించాడు. మందపాటి మడతబందులు, గోడలోకి దిగే గడియ, ఇత్తడి తాళం. తలుపుల్లో ఏ మూలా వదులుగా లేదు. పని చేస్తున్నంతసేపూ అతను ఈల వేస్తూనే ఉన్నాడని కమ్మరి తర్వాత అందరికీ చెప్పాడు.

అన్నం తెచ్చిన భార్యను తలుపు ముందు నిలబెట్టి, "తెరువు" అన్నాడు.

ఆవిడ గోరు విరుగుతుందని కొంగు చేతికి చుట్టుకుని లాగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. మూసింది. మళ్లీ తెరిచింది. గడియ వేసింది, తీసింది. 

"ఇంత పని వచ్చా మీకు" అంది చివరికి.

అతను తల తిప్పుకున్నాడు. కళ్లలో రంపంపొట్టు పడిందన్నాడు.

"నా బీరువా?"

"దీని తర్వాత అదే."

కొత్త జైలరు కఠినమైన మనిషి. తలుపును బూటుకాలితో గట్టిగా తన్ని చూశాడు. తర్వాత కుంటుకుంటూ వెళ్లిపోయాడు గానీ ముఖంలో తృప్తి కనిపించింది.

మంత్రిగారు తిరిగొచ్చి జైలును ప్రారంభించారు. మొదటిరోజే లోపల అడుగుపెట్టడం అచ్చిరాదని గుమ్మం బయటే రిబ్బన్ కత్తిరించారు. అక్కణ్ణుంచే తలుపు చూసి బావమరిది చెవిలో, "అదరగొట్టావురా. అచ్చం నిజం తలుపులా ఉంది" అన్నారు.

"బావా, అది..."

అప్పటికే దండలు మీదపడ్డాయి.

తర్వాత కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, మహారాజుగారి షోరూమ్‌లో మంటలు లేచాయి. లోపలున్నవాళ్లంతా క్షేమంగా బయటపడ్డారు. పరుపులు మాత్రం పరుపుల్లాగే తగలబడ్డాయి. మంత్రిగారు రోడ్డు మీద శాటిన్ కోటుతో నిలబడి, "ఏం చూస్తున్నారు? ఫైరింజన్‌ని పిలవండి" అని గద్దించారు.

బావమరిది దగ్గరగా వచ్చాడు. "బావా, మన ఊళ్లో ఉన్నది మనదే."

"అదే పిలవమంటున్నా."

పదవిలో కొన్నాళ్లుంటే మనిషి తన మాటలు తనే నమ్మేస్తాడు. ఫైర్ సిబ్బంది మాత్రం ఆజ్ఞ పాటించారు. సైరన్ మోగిస్తూ, ఇంజన్‌ని వెనకనుంచి తోసుకుంటూ వచ్చారు. దారి పల్లం కావడంతో కాస్త వేగం అందుకుని, ఆగవలసిన చోట ఆగక, తిన్నగా షోరూమ్ గుమ్మంలోకి వెళ్లింది. రంగు కొత్తది. చూస్తుండగానే భగ్గుమంది. సైరన్ చివరిదాకా మోగింది. పక్క ఊరి నుంచి నిజం ఫైరింజన్ వచ్చి, ముందు మన ఫైరింజన్‌ని ఆర్పి, తర్వాత షోరూమ్ సంగతి చూసింది. ఊరు ఊరంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీసింది.

ఆ సాయంత్రమే పార్టీ అధ్యక్షుడు ఫోన్ చేసి, "తమరు కొంతకాలం దూరంగా ఉండి పార్టీని బలపరచాలి" అన్నాడు. మంత్రి పదవి పోయింది. విచారణ వేశారు. బాధ్యుల్ని అరెస్టు చేస్తామని ప్రకటన వచ్చింది.

మహారాజుగారు ఇంట్లో సోఫా మీద పడుకుని బావమరిదిని పిలిపించారు. అక్క పక్కనే నిలబడి ఉంది.

"నువ్వు వెళ్లాలిరా" అన్నారు మహారాజుగారు.

"ఎక్కడికి బావా?"

"జైలుకి. చేసింది నువ్వేగా. నేనెప్పుడైనా సుత్తి పట్టానా?"

"వాడికి పెళ్లాం ఉందండీ" అంది అక్క.

"నాకు లేదా?"



గోడ మీద టీవీ నడుస్తోంది. అది నిజం టీవీయే. అందులో మహారాజుగారు, ఆ ఉదయం విలేకరులతో మాట్లాడుతూ కళ్లు తుడుచుకుంటున్నారు. "సొంత మనిషని నమ్మాను. బావమరిదే నన్ను నిలువునా ముంచాడు. వాడు దొంగ, వాడి పని దొంగ." గదిలో ముగ్గురూ అది విన్నారు. బావమరిది నేలచూపులు చూశాడు. దొంగ అన్నందుకు కాదు, తన పనిని అన్నందుకు అతని చెవులు మండిపోయాయి.

తర్వాతి వార్త వచ్చింది. ఎక్కడో ఒక నాయకుడు జైలుకు వెళ్తున్నాడు. దారి పొడుగునా పూలు, ఏడుపులు, హారతులు. మహారాజుగారు సోఫాలో లేచి కూర్చున్నారు. ఆయన కూర్చోవడం చూసి అక్క కంగారుపడింది.

"జైలుకెళ్తే ఇంత సానుభూతా? నువ్వెళ్తే ఈ దండలన్నీ నీకు పడతాయి కదరా." ఆయన కళ్లు మెరిశాయి. "నేనే వెళ్తాను. జైలు మనదే. పొద్దున్న దండలు, సాయంత్రం నీ మూల. చీకటిపడకముందే ఇంటికొచ్చి భోంచేసి, నా మంచం మీద నేను పడుకుని, తెల్లారి వెళ్లి కూర్చుంటాను. నువ్వు వెనక సందులో కారు పెట్టుకుని ఉండు."

తలుపు సంగతి బావమరిదికి తెలుసు. చెప్పాలి. పెంచి పోషించిన మనిషి, అక్క మొగుడు. "బావా, ఆ తలుపు..."

"ఆ తలుపు సంగతి నాకు తెలియదా? నీ పనితనం గురించి నాకే చెప్తావురా? నీ బతుకులో నిలబడే వస్తువు ఒక్కటి చేశావా?"

బావమరిది నోరు మూసుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "అన్నయ్యగారికి చెప్పారా?"

"చెప్పబోయాను."

ఆవిడ అతని ముఖం చూసింది. "సరే, కాళ్లు కడుక్కోండి. అన్నం పెడతాను" అంది.

మర్నాడు ఊరేగింపు కన్నులపండువగా జరిగింది. లారీ, లారీ మీద పరుపు, పరుపు మీద మహారాజుగారు. జైలు గుమ్మంలో ఆయన చేయెత్తి, "ఈ తలుపులు నన్ను బంధించలేవు" అని గర్జించారు. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. అంత నమ్మకంగా జైలుకు వెళ్లిన నాయకుణ్ణి ఈ ఊరు చూడలేదు. ఆయన వెనక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

సాయంత్రం బావమరిది చెప్పినట్టే సందులో కారు పెట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతలనుంచి చాలాసేపు దబదబమని చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. కారు ఇంటికి తోలుకుపోయాడు.

మర్నాడు ములాఖత్ వేళకు వెళ్తే జైలరు స్వయంగా ఎదురొచ్చాడు. "ఈ తలుపులు మీరే చేశారటగా. ఇంతకాలం ఉద్యోగంలో ఇలాంటి పని చూడలేదండీ. మా ఇంట్లో ఒక బీరువా చేయించాలి, మీరు వీలు చూసుకుని రావాలి. ఇంతకీ మీ పేరేమిటి?"

బావమరిది ఒక్క క్షణం తడుముకుని పేరు చెప్పాడు.

లోపల మహారాజుగారు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నారు. శాటిన్ కోటు నలిగింది. రెండు మోకాళ్లకూ కట్లున్నాయి. పక్కన జైలు పరుపు, ఆయన కంపెనీ సరఫరా చేసిందే, చిరిగి అట్టముక్కలు బయటకొచ్చాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా మేలుకునే ఉన్నారట. ప్రజలకిచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఆయన కుంటుకుంటూ తలుపు దగ్గరికొచ్చి, దానికున్న చిన్న కిటికీలోంచి గుసగుసగా అడిగారు.

"ఏ మూలరా?"

"ఏ మూలా కాదు బావా."

"ఎడమవైపు కిందిది కాదా? కుడివైపుకి మార్చావా? పైనా?"

"మూల లేదు బావా."

మహారాజుగారు తలుపును పైనుంచి కిందిదాకా చూశారు. పట్టీలు చూశారు, గడియ చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

"మూల లేకపోతే ఇంక దేంతో తెరుస్తార్రా దీన్ని?"

బావమరిది తలుపు అంచు మీద పొడుచుకొచ్చిన చిన్న పేడును బొటనవేలితో సుతారంగా ఊడదీశాడు.

"తాళంచెవితో బావా" అన్నాడు.